చుక్కల లెక్క

ఆదోని మార్కెట్టు యార్డులో పత్తి ధర చెప్పునప్పుడు మూడు అంకెలు చెప్పుట ఆచారము. కనిష్ఠ ధర ఒకటి, గరిష్ఠ ధర ఒకటి, ఆ దినము ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైనదో ఆ ధర ఒకటి. రేడియోలో బజారు ధరలు చదివినవారికి ఈ మూడంకెల వరుస నోటికి అలవాటై పోవును. మేము ఉద్యోగములో చేరిన కొత్తలో, మూడెందుకు, సగటు ధర ఒక్కటి చెప్పిన చాలదా, సమయము కలిసివచ్చును గదా అని ఒక పెద్దవారిని అడిగినాము. ఆయన కళ్లజోడు తీసి, "సగటు ధరకు పత్తి అమ్మిన రైతును ఒక్కనిని పిలుచుకొని రండి, అప్పుడు చదువుదము" అన్నారు.

ఆ మాట ఇటీవల ఎమ్మిగనూరులో మరల జ్ఞాపకము వచ్చినది. నేతపనివారి మాటలు రికార్డు చేయుటకు వెళ్లినాము. ఎమ్మిగనూరు పేరు చెప్పినంతనే మగ్గము స్ఫురించుటకు కారణము తెలిసినదే. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతపనివారి సహకార సంఘమును నెలకొల్పినారు. 1954లో, పద్మ పురస్కారములు ఆరంభమైన సంవత్సరముననే, ఆయనకు పద్మశ్రీ లభించినది. నూలు ఇప్పించి, గుడ్డ కొని, అమ్మిపెట్టు సంస్థ ఒకటి వెనుకనున్నప్పుడు, తన దుప్పటి ఎవరు కప్పుకొన్నారో, వారికది నచ్చినదో లేదో నేతగానికి తెలియనక్కరలేకపోయినది. ఇప్పుడు తెలియుచున్నది. మేము వెళ్లిన ఇంటిలో ఆ తెలియుటయే తంటా తెచ్చిపెట్టినది.

ఆ ఇంటి కుర్రవాడు ఇంజనీరింగు చదివి బెంగళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. తన చిన్నాయన నేసిన దుప్పట్లను, ఆ వీధిలోని మరి నలుగురైదుగురు నేసినవానిని అమ్ముటకు ఒక వెబ్ అప్లికేషను తయారుచేసినాడు. సెలవులలో వచ్చి దానికి చుక్కలు చేర్చుచున్నాడు. చుక్కలనగా వస్తువు కింద కనబడు ఆ ఐదు నక్షత్రములు. కొన్నవారు ఒకటి మొదలు ఐదు వరకు తమకు తోచినన్ని వెలిగించి పోవుదురు. చేర్చి వారము కాకముందే చిన్నాయన దుప్పటికి మొదటి చుక్క వచ్చినది. ఒకే ఒక్క చుక్క. దాని కింద ఆ కొన్నవారు వ్రాసినది: "పార్సిలు పదిరోజులు ఆలస్యము." దుప్పటిని గురించి ఒక్క మాట లేదు. పేజీ తెరచినవారికి మాత్రము ఆ దుప్పటి విలువ 5కు 1. మంచి సరుకు ముందు, చెడ్డ సరుకు వెనుక అను వరుసలో అది అట్టడుగునకు జారినది. తరువాత దానిని కొన్నవారు లేరు.

"నా గుడ్డకు ఒగ చుక్కేనా సామీ? ఆ బండోడు ఆలీసం చేసినదానికి నేనేం జేత్తు?" అని ఆ పెద్దమనిషి మమ్మే అడిగినాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆ కుర్రవానితో కూర్చుండి నేర్చుకొన్నాము. నేర్చుకొన్నదే ఇక్కడ చెప్పుచున్నాము.

చుక్కలు వేసి మంచిచెడ్డలు చెప్పుట కొత్త విద్య కాదు. 19వ శతాబ్దపు మధ్యభాగములో జర్మనీ దేశస్థుడైన కార్ల్ బెడెకర్ తన యాత్రాదర్శినులలో తప్పక చూడవలసిన వింతలకు చుక్క గుర్తు పెట్టినాడు. ఫ్రాన్సులో టైర్ల వ్యాపారులైన మిషెలిన్ వారు 1926లో భోజనశాలలకు చుక్కలిచ్చుట మొదలుపెట్టి, 1931లో ఒకటి, రెండు, మూడు అను మెట్లు ఏర్పరచినారు. మన తెలుగువారు ఈ విద్యలో మరికొంత ముందుకు పోయినారు. సినిమాకు రెండున్నర, రెండుముప్పావు, మూడుంపావు అని వ్రాయుటలో మనకున్న సూక్ష్మదృష్టి మరెవరికిని ఉన్నట్లు తోచదు. ఆ పావు చుక్కలో ఏమున్నదో ఎవరును చెప్పలేరు, అయినను విడుదలనాటి ఉదయము దానికై ఎదురుచూడనివారు అరుదు.

అయితే వీటన్నిటియందును చుక్క వేయువాడొకడు, చదువువారు వేయిమంది. వెబ్ అప్లికేషనులో చుక్క వేయువారే వేయిమంది. కాబట్టి ఇక్కడి కష్టము చుక్క బొమ్మ గీయుటలో లేదు, వేయిమంది మాటను ఒక్క అంకెగా మార్చుటలో ఉన్నది.

బొమ్మను గురించి మాత్రము ఒక మాట చెప్పకుండ ఉండలేము, ఏలననగా దానిలో మా వృత్తి పేరున్నది. ఐదింటిలో ఒక్కదానినే ఎన్నుకొనవలసిన చోట వెబ్ పేజీలలో వాడు మీటలను రేడియో బటన్లందురు. వెనుకటి కారు రేడియోలలో స్టేషన్లకు వరుసగా మీటలుండెడివి. ఒకటి నొక్కినచో అంతకుముందు నొక్కియున్నది టక్కున పైకి లేచెడిది, ఒకేసారి రెండు స్టేషన్లు వినరాదు గనుక. ఆ పేరే ఇక్కడికి వచ్చినది. చుక్కలును అంతే. ఒకే మనిషి ఒకే దుప్పటికి మూడును ఐదును కలిపి ఇవ్వజాలడు. కుర్రవాడు మొదట ఈ మీటలను వాడలేదు. ఐదు నక్షత్రపు బొమ్మలు పెట్టి, మౌసు వానిపైకి పోయినప్పుడు పసుపు రంగు నిండునట్లు చేసినాడు. చూచుటకు ముచ్చటగానే యుండెను. కాని ఫోనులో మౌసు లేదు, వేలే ఉన్నది. కంటిచూపు లేనివారు తెర మీది అక్షరములను చదివి వినిపించు సాఫ్టువేరుతో ఫోను వాడుదురు. మా శ్రోతలలో అట్టివారు ఎందరో ఉన్నారు. ఆ సాఫ్టువేరుకు ఉత్త బొమ్మ కనబడదు, పేరున్నదే కనబడును. కాబట్టి అడుగున నిజమైన రేడియో బటన్లుంచి, ఒక్కొక్కదానికి "5కు 1", "5కు 2" అని మాటలలో పేరు పెట్టి, వానిపై నక్షత్రముల బొమ్మ తొడుగవలెను. అట్లు చేసినపిదప కన్ను మూసికొని వినినను ఎన్ని చుక్కలు వేయుచున్నామో తెలిసినది. మేము మూసికొనియే పరీక్షించినాము.

ఇక చుక్కలను దాచుట. తెలియనివారు చేయు మొదటి తప్పు సగటును మాత్రమే దాచుట. దుప్పటి పేరు పక్కన 4.2 అని వ్రాసిపెట్టి, కొత్త చుక్క వచ్చినప్పుడు దానిని సవరించుచు పోవుదురు. ఒకరు తమ చుక్కలు మార్చుకొన్నను, దొంగ చుక్కలు బయటపడి తీసివేయవలసి వచ్చినను, ఆ సగటులోనుండి వానిని విడదీయు మార్గము లేదు, పాలలో కలిసిన నీటివలె. అందుచేత డేటాబేసులో ఒక పట్టిక వేసి, ఒక్కొక్క చుక్కల మాటకు ఒక్కొక్క వరుస కేటాయించి, ఎవరు, ఏ వస్తువునకు, ఎన్ని, ఎప్పుడు అని నాలుగు గడులలో వ్రాయవలెను. సగటు కావలసినప్పుడు లెక్క కట్టుకొనవచ్చును. ఆ పట్టికకు ఒక కట్టుబాటు పెట్టవలెను: ఒక మనిషికి, ఒక వస్తువునకు ఒకే వరుస. అతడే మరల వచ్చి చుక్కలు వేసినచో కొత్త వరుస చేరరాదు, పాతది దిద్దబడవలెను. ఈ కట్టుబాటు పేజీలో పెట్టిన చాలదు, డేటాబేసులోనే ఉండవలెను. సిగ్నలు సరిగా అందని చోట మనుష్యులు మీట నొక్కి, ఏమియు కదలలేదని మరల నొక్కుదురు. రెండు నొక్కులును ఒక్క క్షణములో సర్వరునకు చేరును. అట్లే వచ్చిన అంకె ఒకటికి ఐదుకు నడుమ ఉన్నదా అని సర్వరు తానుగా చూడవలెను. పేజీలో ఐదు మీటలే ఉన్నవి గదా అనుకొనరాదు. పేజీని దాటి నేరుగా 500 అని పంపగల పోకిరీలు లోకములో ఉన్నారు.

ఇంతవరకు పనివాని నేర్పునకు సంబంధించిన సంగతి. ఇకమీదట వచ్చునది న్యాయమునకు సంబంధించినది. ఆదోని ధరల ముచ్చట ఇక్కడ మరల రావలసియున్నది.

ఒక దుప్పటికి పదిమంది చుక్కలు వేసినారనుకొందము. ఎనిమిదిమంది ఐదేసి వేసినారు, ఇద్దరు ఒక్కొక్కటి వేసినారు. మొత్తము 42, సగటు 4.2. మరియొక దుప్పటికి ఎనిమిదిమంది నాలుగేసి, ఇద్దరు ఐదేసి వేసినారు. దీని మొత్తమును 42, సగటును 4.2. అంకె ఒక్కటియే గాని దుప్పట్లు ఒక్కటి కావు. రెండవది అందరికిని ఓ మోస్తరుగా నచ్చినది. మొదటిది చాలమందికి మిక్కిలి నచ్చి, ఇద్దరి ఇండ్లలో మాత్రము ఉతుకులో రంగు వదిలియుండును. కొనువారికి తెలియవలసినది ఆ ఇద్దరి సంగతియే, నేసినవారికి ఇంకను ముఖ్యముగా తెలియవలసినది అదియే. సగటు దానిని మింగివేసినది. యార్డులో కనిష్ఠము, గరిష్ఠము, ఎక్కువ సరుకు పోయిన ధర అని మూడు చెప్పుట ఇందుకే. కనిష్ఠము విని, తడిసిన పత్తి తెచ్చినవాడు తన కుప్పకు ఏమి రావచ్చునో ఊహించుకొనును. ఎండిన మంచి పత్తి తెచ్చినవాడు గరిష్ఠము వైపు చూచును. కుర్రవానికి ఈ మాట చెప్పగా, సగటు పక్కన ఐదు అడ్డగీతలు గీసి, ఐదు చుక్కలిచ్చినవారు ఎందరు, నాలుగిచ్చినవారు ఎందరు అని వరుసగా చూపినాడు. చుక్కలు వేసినవారి మొత్తము సంఖ్యను కూడ పక్కన వ్రాసినాడు.

అయినను చిన్నాయన కష్టము తీరలేదు. ఆయనకు వచ్చినది ఒకే మాట, అడ్డగీత గీసినను ఒకే గీత. ఒక్కరిద్దరి మాటతో వస్తువును తలకెత్తుటయు కాదు, తొక్కివేయుటయు కాదు. దీనికొక ఉపాయము కలదు, పెద్ద పెద్ద సంస్థలు వాడునదే. ప్రతి వస్తువునకు మొదటనే కొన్ని ఊహాచుక్కలు ఇచ్చి ఉంచుట. ఆ అంగడిలోని వస్తువులన్నిటి సగటు 4 అనుకొందము. కొత్త వస్తువు వచ్చినప్పుడు, పదిమంది నాలుగేసి చుక్కలు ఇచ్చినట్లే భావింతుము, అనగా 40. నిజమైన చుక్కలు వచ్చినకొలది వానిని దీనికి కలిపి, పదికి చుక్కలు వేసినవారి సంఖ్యను చేర్చి, భాగింతుము. చిన్నాయన దుప్పటికి 40కి 1 కలిసి 41, దానిని 11తో భాగించిన 3.73. 1 కాదు. ఇద్దరు స్నేహితులచేత ఐదేసి వేయించుకొన్న దుప్పటికి 50ని 12తో భాగించిన 4.17, 5 కాదు. 80 మంది మెచ్చి 368 చుక్కలిచ్చిన దుప్పటి సగటు 4.6. దానికి 408ని 90తో భాగించిన 4.53. వేసినవారు ఎక్కువైనకొలది ఊహాచుక్కల బలము తగ్గి, నిజము బయటకు వచ్చును. ఈ లెక్కను వస్తువులను వరుసలో పెట్టుటకు వాడి, పేజీ మీద మాత్రము నిజమైన చుక్కలనే చూపవలెను. కొనువాని కండ్లకు కల్పించిన అంకె చూపుట ధర్మము కాదు. నలుగురైదుగురు వేయువరకు సగటు చూపక, "ఇంకను తగినంతమంది చెప్పలేదు" అని వ్రాయుట అంతకంటె మేలు.

ఈ పదియను అంకె ఎక్కడిదని మేము అడిగినాము. ఎక్కడిదియు కాదు, ఎంచుకొనునదే. ఎక్కువ పెట్టినచో మంచి నేతగాడు పైకి వచ్చుటకు ఆలస్యమగును, తక్కువ పెట్టినచో ఒక్క కోపిష్ఠి చాలును. నలుగురికి అన్నము పెట్టు ఇటువంటి అంకెలను రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో ఒక కుర్రవాడు నిర్ణయించుచున్నాడన్న సంగతి తలచుకొన్నప్పుడు మాకు కొంచెము భయము వేసినది. అతనితో ఆ మాట అన్నాము. అతడు నవ్వి, "మీరు ఏ పాట మూడుసార్లు వేయవలెనో ఎట్లు నిర్ణయింతురు సార్?" అన్నాడు.

అది నిజమే. మాకు వచ్చు ఉత్తరములను ఎంచి చూచినచో, కార్యక్రమము అద్భుతమనువారు కొందరు, ఇటువంటిది ఇక వేయవద్దనువారు కొందరు. ఫరవాలేదు అని వ్రాయుటకు కార్డు కొన్నవారిని మేము చూడలేదు. చుక్కలు కూడ అంతే. అమితానందము గాని, అమితకోపము గాని కలిగినవారే ఆ మీట వద్దకు వత్తురు. యూట్యూబు వారు 2009లో తమ చుక్కలు చూచుకొనగా దాదాపు అన్నియు ఐదులే. 2010లో చుక్కలు తీసివేసి బొటనవ్రేలి గుర్తులు పెట్టినారు. 2017లో నెట్‌ఫ్లిక్సు వారును అదే త్రోవ పట్టినారు. నచ్చినదా, లేదా అని అడుగుట సులభము, చెప్పుట సులభము. కాని దుప్పటి విషయములో మేము కుర్రవానికి ఆ త్రోవ చెప్పలేదు. పాట నచ్చలేదన్న అంతటితో సరి. దుప్పటి నచ్చలేదన్నచో ఎందుకు అన్నదే నేతగానికి కావలెను.

ఇక్కడ పత్తికిని చుక్కకును గల భేదము చెప్పుకొనవలెను. యార్డులో కుప్ప ముందు నిలిచిన వ్యాపారి గుప్పెడు దూది తీసి, రెండు బొటనవ్రేళ్ల నడుమ లాగి పింజ పొడవు చూచును. వ్రేళ్లతో చూచినది అభిప్రాయము కావచ్చును, కాని పింజ పొడవు మిల్లీమీటర్లలో యంత్రము చెప్పగలదు, తేమను మీటరు చెప్పగలదు. భారత పత్తి సంస్థ వారు మద్దతు ధరకు కొనునప్పుడు తేమ 8 శాతమును ప్రమాణముగా పెట్టుకొని, 12 శాతము దాటినదానిని తీసికొనరు. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఈ-నామ్ పద్ధతిలోను వేలమునకు ముందు సరుకు నాణ్యత పరీక్షకు చోటు కల్పించినారు. రిఫ్రిజిరేటరు మీద 2006 నుండి కనబడుచున్న విద్యుత్ పొదుపు నక్షత్రములు కూడ ఈ కోవలోనివే. అవి కొలిచి ఇచ్చినవి, ఎవరి ఇష్టానిష్టములును కావు. ఫ్రిజ్జు మీది చుక్కయు, దుప్పటి కింది చుక్కయు ఒకే బొమ్మ అగుటచేత ఒకే విలువ గలవని జనము భ్రమపడుటకు అవకాశము కలదు. 2006లోనే వచ్చిన చేనేత గుర్తు, అనగా హ్యాండ్‌లూమ్ మార్కు, మరియొక తీరుది. అది గుడ్డ మగ్గము మీద నేసినదని మాత్రమే చెప్పును, బాగున్నదని చెప్పదు. ఆ గుర్తును చుక్కల పక్కన పెట్టవద్దని, పైన వేరుగా పెట్టుమని కుర్రవానికి చెప్పినాము. ఒకటి సాక్ష్యము, రెండవది అభిప్రాయము.

దొంగ చుక్కల సంగతి అందరికి తెలిసినదే, దానిని పొడిగింపము. 2022 నవంబరులో భారత ప్రమాణముల సంస్థ వినియోగదారుల సమీక్షలకై ఐఎస్ 19000 అను ప్రమాణమును వెలువరించినది. వెలువడినప్పుడు అది ఐచ్ఛికమైనది. చిన్న అంగడికి దానిలో అన్నిటికంటె అక్కరకు వచ్చునది, చుక్కలు వేసినవాడు నిజమైన మనిషియేనా అని చూచుకొనుట. కుర్రవాడు కొన్నవారికే ఆ మీట కనబడునట్లు చేసినాడు. తన చిన్నమ్మ ఫోనునుండి ఐదు చుక్కలు వేయవలెనని ఆమె పట్టుబట్టినప్పుడు ఈ నియమము అతనికి అక్కరకు వచ్చినది.

పార్సిలు ఆలస్యమునకు దుప్పటి శిక్ష అనుభవించుట ఒక్కటి మిగిలినది. దానికి లెక్కల ఉపాయము పనికిరాదు, ప్రశ్న మార్చవలసినదే. ఇంతకుముందు పేజీలో "మీ అభిప్రాయము" అని మాత్రమే ఉండెను. ఏమి అడిగినామో తెలియనప్పుడు ఎవరికి తోచినది వారు చెప్పుదురు. ఇప్పుడు రెండు వరుసలు పెట్టినాడు. "గుడ్డ ఎట్లున్నది?" అని ఐదు చుక్కలు, "చేరుట ఎట్లున్నది?" అని ఐదు చుక్కలు. మొదటి వరుస నేతగానికి చేరును, రెండవది పార్సిలు చూచుకొను కుర్రవాని లెక్కలోనికి పోవును. మూడవది రంగునకు, నాలుగవది ధరకు అని అతడు ఉత్సాహపడినాడు గాని, అన్ని ప్రశ్నలు చూచినవాడు ఏ ఒక్కదానికిని జవాబు చెప్పక పేజీ మూయునని మాకు శ్రోతల సర్వేలతో అనుభవము.

అడుగు వేళ కూడ మార్చినాడు. ఇది మాత్రము చిన్నాయన చెప్పినదే. పార్సిలు అందిన మరుక్షణము ఫోను గణగణమని చుక్కలడుగుచుండెను. ఆ క్షణమున గుడ్డను గురించి ఎవరికేమి తెలియును? అట్టపెట్టెకు చుక్కలు వేయుదురు. "మూడు ఉతుకులు పోనీ అబ్బయా, ఆమీట అడుగు. నా రంగు అప్పుడు మాట్లాడతాది" అన్నాడాయన. కుర్రవాడు నలుబది దినములని పెట్టినాడు. అన్ని దినముల తరువాత జవాబిచ్చువారు తగ్గుదురని మేము అన్నాము. తగ్గుదురని అతడును ఒప్పుకొన్నాడు. అయినను ఆ అంకె మార్చలేదు.

మేము యంత్రములు సర్దుకొని ఆదోనికి బయలుదేరు వేళకు పెద్దాయన మరల మగ్గము గుంటలో కూర్చున్నాడు. లోపలనుండియే ఒక సందేహము అడిగినాడు. దుడ్డు తక్కువ కట్టినవానికి, మూడుసార్లు బేరమాడి చివరకు వద్దన్నవానికి తాను చుక్కలు వేయు చోటు ఆ పేజీలో ఎక్కడున్నదని. కుర్రవాడు ల్యాపుటాపు మూసి, "అది వచ్చే సెలవులకు చిన్నాయనా" అన్నాడు.